వేడెక్కితే చల్లదనం మానేసే కారు ఏసీ: గ్యాస్ రెండుసార్లు పట్టించాను, ఇక ఏమి చూడాలి?

బెజవాడ ఎండ

పదకొండేళ్ళ నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. 96 వేల కిలోమీటర్లు తిరిగింది. ఉదయం ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఏసీ దుప్పటి కప్పుకోవాలనిపించేంత చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం, అదీ ఓ గంట ప్రయాణం దాటాక, ఉన్నట్టుండి వేడిగాలి కొడుతుంది. బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది, గాలి జోరు తగ్గదు. చల్లదనం మాత్రం మాయం.

పోయిన ఆదివారం హైదరాబాదు నుంచి విజయవాడ వస్తున్నాము. ఎల్బీ నగర్‌లో ఒంటిగంటకు బయలుదేరితే సూర్యాపేట దాకా ఏ ఇబ్బందీ లేదు. సూర్యాపేట దాటిన పది నిమిషాలకు మొదలైంది. వెనక సీట్లో మా అత్తగారు, నాలుగేళ్ళ పాప, ఇద్దరి మధ్య మామిడిపళ్ళ బుట్ట. అద్దాలు దించితే వడగాలి, ఎత్తితే ఉక్క. కోదాడ దగ్గర టీ కొట్టు పక్కన చింతచెట్టు నీడలో అరగంట ఆపాను. మళ్ళీ స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు చల్లగా వచ్చింది. ఇంకో పాతిక నిమిషాలకు మళ్ళీ అదే కథ. ఇల్లు చేరేసరికి దోరపళ్ళన్నీ బుట్టలోనే మాగిపోయాయి. అత్తగారి సంగతి చెప్పను.

మా మెకానిక్ ఏప్రిల్‌లో ఒకసారి, మే మొదట్లో ఒకసారి గ్యాస్ పట్టాడు. రెండుసార్లకూ కలిపి 3,400. ఇప్పుడు కంప్రెసర్ పోయింది, 21 వేలు అవుతుంది అంటున్నాడు. అతని షెడ్డుకు తీసుకెళ్ళినప్పుడల్లా ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 21 వేలు పెట్టేముందు నేను చూడగలిగినది ఏమైనా ఉందా?

గ్యాస్ బండ

గ్యాసే. ఎక్కడో లీకు ఉంది. లీకు మూయకుండా ఎన్నిసార్లు పట్టినా చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. నత్రజనితో ప్రెషర్ పెట్టి, సబ్బు నురుగు రాసి చూడమనండి.

తాటిముంజె

నాకూ అచ్చం ఇదే! గంట నడిచాక చల్లదనం పోతుంది, పావుగంట ఏసీ ఆపితే మళ్ళీ వస్తుంది. నేను కూడా ఇక్కడే కూర్చుంటాను, జవాబు దొరికితే నాకూ ఓ ముక్క.

పది నంబరు స్పానరు

బండ గారూ, గ్యాస్ తగ్గితే అరగంట చెట్టు నీడన నిలబెట్టినంత మాత్రాన తిరిగి వస్తుందా? బయటికి పోయిన గ్యాస్ టీ తాగి వెనక్కు రాదు కదా.

గ్యాస్ బండ

గ్యాస్ తక్కువున్నప్పుడు లో ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపుతుంది. కాసేపు ఆగితే ప్రెషర్ సమం అవుతుంది, మళ్ళీ నడుస్తుంది. అలా కూడా జరుగుతుంది స్పానరు గారూ. వెక్కిరింత తర్వాత.

పది నంబరు స్పానరు

జరుగుతుంది, కానీ అప్పుడు కంప్రెసర్ నిమిషానికి నాలుగైదుసార్లు టక్ టక్‌మని పడుతూ వదులుతూ ఉంటుంది. ఉదయం పూట కూడా చల్లదనం అంతంతమాత్రంగానే ఉంటుంది. ఈయన దుప్పటి కప్పుకుంటున్నారు.

క్యాబ్ బాబాయి

ఇరవై ఏళ్ళుగా స్టీరింగు పట్టుకున్నవాడిని, ఒక్క మాట అడుగుతాను. వేడిగాలి బండి పరుగెత్తుతున్నప్పుడు వస్తోందా, సిగ్నలు దగ్గర నిలబడ్డప్పుడా? నిలబడ్డప్పుడే అయితే ముందున్న ఫ్యాను చూడండి. నా బండికి కండెన్సర్ ఫ్యాను మోటారు పోయింది. హైవే మీద ఐస్‌క్రీము, టోల్‌గేటు దగ్గర పొయ్యి. నాకూ గ్యాస్ అన్నారు, నేనూ పట్టించాను.

బెజవాడ ఎండ

బాబాయి గారూ, 90 వేగంలో పోతుండగానే వచ్చింది. ఫ్యాను తిరగడం నేను చూశాను, ఇంటి ముందు నిలబెట్టినప్పుడు తిరుగుతోంది.

వేపచెట్టు నీడ

ఇంజిను వేడి ముల్లు ఎక్కడ ఉంది? కూలెంటు బాగా వేడెక్కితే ఇంజిను కంప్యూటరే ఏసీని ఆపేస్తుంది. మా వదిన బండిలో రేడియేటరు సగం పూడుకుపోయి ఇలాగే అయింది.

బెజవాడ ఎండ

ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. సగానికి కొంచెం కింద.

జగిత్యాల–దమ్మాం

సౌదీలో దమ్మాంలో 14 ఏళ్ళు కారు ఏసీల షెడ్డులోనే పనిచేశాను. ఇప్పుడు జగిత్యాలలో సొంత షెడ్డు. అక్కడ ఎండాకాలం 48 డిగ్రీలు దాటుతుంది, ఇలాంటి బండి వారానికి రెండైనా వచ్చేది. కాస్త వివరంగా రాస్తాను, తొందర ఉన్నవాళ్ళు దాటేయండి.

మొదట ఒక మాట. ఏసీ చల్లగా ఉన్నప్పుడు షెడ్డుకు తీసుకెళ్తే ఏ మెకానిక్కూ ఏమీ పట్టుకోలేడు. ఏమీ దొరక్కపోతే ఊరికే పంపలేక గ్యాస్ పడతాడు. మీరు చూడవలసిన సమయం ఒక్కటే, వేడిగాలి కొడుతున్న ఆ పది నిమిషాలు. అప్పుడు బండి పక్కకు ఆపి, ఇంజిను నడుస్తుండగానే, ఏసీ ఆన్‌లోనే ఉంచి, బానెట్ ఎత్తండి. చేతులు, చున్నీలు, మెడలో తువ్వాలు బెల్టుకు దూరంగా పెట్టి కంప్రెసర్ ముఖం కేసి చూడండి. బయటి చక్రం, అంటే పుల్లీ, ఏసీ ఉన్నా లేకున్నా తిరుగుతూనే ఉంటుంది. దాని ముందు పళ్ళెంలాంటి ప్లేటు ఒకటి ఉంటుంది. అది తిరుగుతోందా, నిలిచి ఉందా? అంతే చూడండి.

ప్లేటు తిరుగుతూ ఉండి, గాలి మాత్రం వేడిగా వస్తే తప్పు గ్యాస్ తిరిగే దారిలో ఉన్నట్టు. లేదా డ్యాష్‌బోర్డు లోపల హీటరు తలుపు తెరుచుకున్నట్టు. ప్లేటు నిలిచిపోయి ఉంటే గ్యాస్ సంగతి పక్కన పెట్టి కరెంటు దారి పట్టుకోండి.

ప్లేటు తిరుగుతున్న కేసుల్లో కూడా తేడాలు ఉన్నాయి. గాలి జోరే క్రమంగా తగ్గిపోయి, ఆపాక కారు కింద మామూలు కన్నా ఎక్కువ నీళ్ళు కారితే, కూలింగ్ కాయిల్ మంచు కట్టిందని అర్థం. గాలి జోరు తగ్గకుండా చల్లదనం మాత్రం పోయి, కాసేపటికి దానంతట అదే వచ్చి, మళ్ళీ పోతుంటే లోపల తేమ ఉండవచ్చు. గ్యాస్ కూలింగ్ కాయిల్‌లోకి పోయే దారిలో ఉండే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ రంధ్రం సూది మొనంత. అక్కడ ఒక్క చుక్క నీరు గడ్డకట్టినా దారి మూసుకుపోతుంది. ఆపితే కరుగుతుంది. సరిగా వ్యాక్యూమ్ పట్టకుండా, అంటే లోపలి గాలీ తేమా పంపుతో లాగేయకుండా, గ్యాస్ నింపినవాళ్ళు చేసే ఉపకారం ఇది. అప్పుడు తేమ పీల్చే డ్రయ్యర్ మార్చి, కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టాలి.

బెజవాడ గారూ, మీది చదివితే నాకు కంప్రెసర్ క్లచ్ మీద, అంటే ఆ ప్లేటును అయస్కాంతంతో పుల్లీకి అతికించే ఏర్పాటు మీద, అనుమానం. కానీ చూడకుండా చెప్పను. చూసి రాయండి.

తాటిముంజె

గాలి జోరు! నాది అదే! మొదట జోరుగా వస్తుంది, పోను పోను ముసలమ్మ విసనకర్ర విసిరినట్టు అవుతుంది. ఆపాక కింద చిన్న చెరువు. అంటే నాది బెజవాడ గారి జబ్బు కాదన్నమాట.

జగిత్యాల–దమ్మాం

కాదు. మీరు ముందు గ్లోవ్ బాక్సు వెనక క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చివరిసారి ఎప్పుడు మార్చారు?

తాటిముంజె

అక్కడ ఫిల్టర్ ఉంటుందా?

పది నంబరు స్పానరు

జవాబు దొరికింది.

లెక్కల మాస్టారు

దమ్మాం గారు చెప్పిన క్లచ్ గురించి ఒక సందేహం. క్లచ్ కాయిల్ అంటే రాగి తీగ చుట్టిన విద్యుదయస్కాంతమే కదా. వేడెక్కితే రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వెళితే 31 శాతం. దాంతో కరెంటు తగ్గుతుంది, నిజమే. కానీ ప్లేటు ఒకసారి పుల్లీకి అతుక్కున్నాక మధ్యలో ఖాళీ లేదు కాబట్టి పట్టు చాలా గట్టిగా ఉంటుంది. 31 శాతం పెరిగినంత మాత్రాన ఎందుకు వదులుతుంది? లెక్క కుదరడం లేదు.

గ్యాస్ బండ

చూశారా, మాస్టారు కూడా ఒప్పుకోవడం లేదు. గ్యాస్.

లెక్కల మాస్టారు

బండ గారూ, నేను గ్యాస్ అని ఎక్కడా అనలేదు.

జగిత్యాల–దమ్మాం

మంచి ప్రశ్న మాస్టారూ. వదలదు. అతుక్కున్నది అతుక్కునే ఉంటుంది. చిక్కు ఏమిటంటే ఏదో కారణంగా కంప్యూటరు ఒక్క క్షణం దాన్ని వదిలించి, మళ్ళీ పట్టమన్నప్పుడు పట్టలేకపోవడం. కూలింగ్ కాయిల్ సున్నాకు దగ్గర పడితే మంచు కట్టకుండా వేడిని కనిపెట్టే థర్మిస్టర్ ఏసీని ఆపిస్తుంది. రెండోది, చిన్న ఇంజిన్లలో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే బలం చాలదని కంప్యూటరు కొన్ని సెకన్లు కంప్రెసర్‌ను వదిలేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ టక్‌మని పడుతుంది. క్లచ్ కాయిల్ కాగిపోయి, ప్లేటు అరిగి ఖాళీ పెరిగి ఉంటే కాయిల్ లాగుతూనే ఉంటుంది, ప్లేటు మాత్రం కదలదు. బెజవాడ గారూ, వేడిగాలి మొదలవడానికి ముందు ఏమైనా ఓవర్‌టేక్ చేశారా?

బెజవాడ ఎండ

ఒళ్ళు జలదరించింది. సూర్యాపేట దాటాక రెండు గడ్డి లారీలు పక్కపక్కన పోతుంటే, దారి దొరకగానే గట్టిగా తొక్కి దాటాను. మా అత్తగారు "మెల్లగా బాబూ" అన్నారు కూడా. ఆ తర్వాతే! కోదాడ దాటాక రెండోసారి కూడా చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఆగి, బయటికి వచ్చేటప్పుడు తొక్కాను.

క్యాబ్ బాబాయి

అత్తగారు చెబితే వినాలి బాబూ.

లెక్కల మాస్టారు

ఇప్పుడు కుదిరింది. ఆకర్షణ బలం కరెంటు వర్గంతో పెరుగుతుంది, ఖాళీ వర్గంతో తగ్గుతుంది. ఇనుములో పోయేది వదిలేసి ఉజ్జాయింపుగా చూద్దాం. వేడికి కరెంటు నాలుగింట మూడు వంతులకు పడితే బలం సగానికి కొంచెం పైన. దానికి తోడు ఖాళీ అర మిల్లీమీటరు నుంచి 0.85కు పెరిగితే అందులో మళ్ళీ మూడో వంతే మిగులుతుంది. రెండూ కలిస్తే మొదటి బలంలో అయిదో వంతు. స్ప్రింగు బిగువును గెలవలేదు. అతుక్కున్నాక ఖాళీ సున్నా కాబట్టి ఆ అయిదో వంతు గొడవ లేదు. నా అభ్యంతరం వెనక్కు తీసుకుంటున్నాను.

ఆవకాయ జాడీ

నా పదో తరగతి ఫిజిక్సు ఇలా చెప్పి ఉంటే నేను వేరే మనిషిని అయ్యేదాన్ని.

పది నంబరు స్పానరు

ప్లేటు నిలిచి ఉన్నట్టు తేలితే, తర్వాత కరెంటు వస్తోందో లేదో చూడాలి. 12 వోల్టుల పరీక్ష దీపం చాలు, మల్టీమీటరు ఉంటే మంచిది. కాయిల్ తీగ కొస దగ్గర, కనెక్టరు తగిలించి ఉండగానే వెనక నుంచి ముల్లు పెట్టి చూడండి. విప్పేసి చూస్తే కాలిపోయిన రిలే (కాయిల్‌కు కరెంటు కలిపే స్విచ్) కూడా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. కాయిల్ కరెంటు లాగుతున్నప్పుడు ఎంత నిలుస్తోందన్నదే లెక్క. నాకు ఒకసారి 9 వోల్టులే వచ్చింది. రిలే కాళ్ళు నల్లగా మాడిపోయి ఉన్నాయి. పక్కనే హారను రిలే అదే రకం, దాన్ని పీకి ఇందులో పెడితే ఏసీ వచ్చింది, హారను పోయింది. రెండు వారాలు అలాగే తిరిగాను.

క్యాబ్ బాబాయి

హారను లేకుండా మన ఊళ్ళో రెండు వారాలా! మీకు దండం పెట్టాలి.

బెజవాడ ఎండ

శనివారం సాయంత్రం నివేదిక. మధ్యాహ్నం రెండింటికి కావాలని బయలుదేరి గన్నవరం దాకా వెళ్ళి వచ్చాను. దారిలో ఏడు ఓవర్‌టేకులు. ఏసీ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం తగ్గిపోయినట్టు. మల్టీమీటరు ఒళ్ళో పెట్టుకుని చలికి వణుకుతూ ఇంటికి వచ్చాను.

వేపచెట్టు నీడ

కంప్రెసర్‌కు దిష్టి తీయండి. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు.

జగిత్యాల–దమ్మాం

సాయంత్రం మబ్బు పట్టిందా?

బెజవాడ ఎండ

పట్టింది. గన్నవరంలో నాలుగు చినుకులు కూడా పడ్డాయి.

జగిత్యాల–దమ్మాం

మరి ఎలా దొరుకుతుంది! ఎండ కాసిన రోజు చూడండి. ముందు ఇంట్లో, ఇంజిను చల్లగా ఉన్నప్పుడే కాయిల్ నిరోధం కొలిచి రాసి పెట్టుకోండి. తప్పు పడినప్పుడు మళ్ళీ కొలవండి. చల్లగా ఉండగా మూడు నుంచి అయిదు ఓముల మధ్య ఏదైనా ఫరవాలేదు. వేడిలో అనంతం చూపిస్తే లోపల తీగ తెగిపోయి, చల్లబడితే కలుస్తోందన్నమాట. కొన్ని కాయిళ్ళలో వేడికి తెగే చిన్న రక్షణ ఫ్యూజు కూడా ఉంటుంది.

ఇంకో పరీక్ష. తప్పు పడగానే ఇంజిను పూర్తిగా ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. కాయిల్ కనెక్టరు విప్పి, ఫ్యూజు ఉన్న తీగతో బ్యాటరీ నుంచి నేరుగా కాయిల్‌కు కరెంటు ఇవ్వండి. టక్ వినిపించిందా? వినిపించకపోతే, కరెంటు ఇస్తూనే స్క్రూడ్రైవరు పిడితో ప్లేటును పుల్లీ వైపు నొక్కండి. నొక్కగానే టక్‌మని పట్టుకుని, చెయ్యి తీసినా వదలకపోతే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇంజిను నడుస్తుండగా కర్రతో పొడిచే వీరులు ఉన్నారు, నేను ఇద్దరి వేళ్ళు చూశాను, మీరు ఆ పని చేయకండి.

ఆవకాయ జాడీ

ఇద్దరి వేళ్ళు చూశాను అనకండి, రాత్రి భోజనం చేస్తున్నాను.

కొత్త లైసెన్సు

మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోవద్దు. మా ఇంటి దగ్గర షెడ్డాయన ఉన్న గ్యాస్ అంతా గాలిలోకి వదిలేసి, కొత్తది నింపితే ఇలాంటివన్నీ పోతాయి అంటున్నాడు. నిజమేనా?

లెక్కల మాస్టారు

అలా వదలకూడదు. కారు ఏసీలో ఉండే ఆర్134ఏ గ్యాస్ ఓజోను పొరను ఏమీ చేయదు కానీ, వాతావరణాన్ని వేడెక్కించడంలో ఒక కిలో దాదాపు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం. చల్లదనం కోసం పెట్టింది ఊరిని వేడెక్కిస్తుంది. యంత్రంతో వెనక్కు లాగి, తూకం చూసి, శుభ్రం చేసి మళ్ళీ నింపే షెడ్డుకు వెళ్ళండి. పైగా ద్రవం కంట్లో పడితే కన్ను గడ్డకడుతుంది.

బెజవాడ ఎండ

దొరికింది! దొరికింది!

మంగళవారం, రెండున్నర, ఇబ్రహీంపట్నం రోడ్డు. మాడు పగిలే ఎండ. ట్రాక్టరును దాటాను, రెండు నిమిషాలకు గాలి వెచ్చబడింది. ఇంత సంతోషంగా వేడిగాలి పీల్చినవాడు భూమ్మీద ఇంకొకడు ఉండడు. పక్కకు ఆపి, ఏసీ ఆన్‌లోనే పెట్టి బానెట్ ఎత్తాను. పుల్లీ గిరగిర తిరుగుతోంది. దాని ముందు ప్లేటు బొమ్మలా నిలబడి ఉంది. ప్లేటు మీద తుప్పు మరక ఒకటి, దాని ఆకారం కూడా చెప్పగలను, అంతసేపు చూశాను.

కనెక్టరు వెనక ముల్లు పెడితే 13.6 వోల్టులు. అంటే రిలే, ఫ్యూజు, తీగలు అన్నీ బాగున్నాయి, కంప్యూటరు పట్టమంటోంది. ఇంజిను ఆపాను, తాళం జేబులో వేసుకున్నాను (దమ్మాం గారూ, నిజంగా వేసుకున్నాను). కాయిల్ నిరోధం ఉదయం 3.7 ఓములు, ఇప్పుడు 4.8. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే చప్పుడే లేదు. స్క్రూడ్రైవరు పిడితో నొక్కాను. టక్! చెయ్యి తీశాను, వదల్లేదు. కరెంటు తీస్తే వదిలింది. మళ్ళీ ఇస్తే పట్టలేదు. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే. అటుగా పోతున్న గేదెల కాపరి ఒకాయన నిలబడి "ఏమైంది బాబూ" అని అడిగితే, క్లచ్ గురించి ఆయనకు పావుగంట చెప్పాను.

లెక్కల మాస్టారు

3.7కు 31 శాతం కలిపితే 4.85. మీరు కొలిచింది 4.8. ఈ రాత్రి హాయిగా నిద్రపోతాను.

జగిత్యాల–దమ్మాం

కాయిల్ బాగుంది, కంప్రెసర్ బాగుంది. ఖాళీ పెరిగింది. సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజితో ప్లేటుకూ పుల్లీకీ మధ్య మూడు చోట్ల కొలిపించండి. చిన్న కార్లలో చాలావాటికి 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల లోపల ఉండాలి, మీ బండి పుస్తకంలో ఎంత ఉందో చూసుకోండి. ప్లేటు నడిబొడ్డున ఒక బోల్టు ఉంటుంది. అది విప్పి ప్లేటు లాగితే ఇరుసు మీద పల్చటి వాషర్లు, షిమ్‌లంటారు, కనబడతాయి. సరిపడా మందం ఉన్నది ఒకటి తీసేసి బిగిస్తే ఖాళీ తగ్గుతుంది. గ్యాస్ విప్పే పనే లేదు. మరీ తగ్గించకండి, ఏసీ ఆపినప్పుడు కూడా ప్లేటు రాసుకుంటూ కీచుమంటుంది. ప్లేటు బాగా అరిగి నీలంరంగు తేలితే మాత్రం ప్లేటే మార్చాలి.

పది నంబరు స్పానరు

ఆ బోల్టుకు ఏ నంబరు స్పానరు పడుతుందో తెలుసా? చాలా కంప్రెసర్లకు పదే. నా పేరు ఊరికే పెట్టుకోలేదు. ఇంట్లో ఉన్న సెట్టులో ఆ ఒక్కటే కనబడకుండా పోయి ఉంటుంది, చూసుకోండి.

బెజవాడ ఎండ

చూశాను. ఎనిమిది ఉంది, పన్నెండు ఉంది. పది లేదు.

గ్యాస్ బండ

సరే, క్లచ్ అని నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ మీ మెకానిక్ రెండుసార్లు గ్యాస్ పట్టాడన్నారు. బానెట్ కింద స్టిక్కరు మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. అతను తూచి పట్టాడా, గేజి చూసి పట్టాడా?

బెజవాడ ఎండ

చేత్తో పైపు పట్టుకుని చూసి "చాలు" అన్నాడు.

తాటిముంజె

నా సంగతి కూడా వినండి. గ్లోవ్ బాక్సు విప్పి ఫిల్టర్ లాగాను. ఫిల్టర్ అనడానికి లేదు, కంబళి అనాలి. వేపాకులు, వేపపూత, ఒక పిచ్చుక ఈక, మా అబ్బాయి రెండో తరగతిలో పోగొట్టుకున్న స్టిక్కరు. వాడిప్పుడు అయిదో తరగతి. కొత్తది 350 రూపాయలు. నిన్న మూడు గంటలు నడిపాను, గాలి జోరు తగ్గలేదు.

వేపచెట్టు నీడ

వేపాకుల విషయంలో నాకు ఏ సంబంధమూ లేదు.

బెజవాడ ఎండ

ఇక మిగిలిన కథ. 21 వేలు చెప్పిన మెకానిక్ దగ్గరకు వెళ్ళి, కొలిచినవన్నీ కాగితం మీద చూపించాను. "ఇంటర్నెట్లో చదివి బండ్లు బాగుచేయలేరు సార్" అన్నాడు. నేను ఏమీ అనలేదు. ఆటోనగర్‌లో మా తోడల్లుడికి తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు, అరవై అయిదు దాటి ఉంటాయి. కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి "ఎవరు చెప్పారో గాని సరిగా చెప్పారు" అన్నారు. దమ్మాం గారూ, అది మీకే.

ఫీలర్ గేజితో కొలిస్తే 0.85. ముందు చక్రం ఊడదీసి, పక్క నుంచి చెయ్యి పెట్టి, నడిబొడ్డు బోల్టు విప్పి ప్లేటు లాగారు. ఇరుసు మీద నుంచి మూడు వాషర్లు రాలాయి. వాటిని అరచేతిలో వేసుకుని బొటనవేలితో పావలా బిళ్ళల్లా దొర్లించారు. ఒకటి కాగితమంత పల్చన, రెండోది కాస్త మందం, మూడోది అర మిల్లీమీటరు ఉంటుందన్నారు. గేజి కూడా పెట్టలేదు, వేలికే తెలిసిపోయింది. ఆ మందంది చొక్కా జేబులో వేసుకుని మిగతా రెండూ తొడిగి బిగించారు. కొలిస్తే 0.35. ఏసీ నొక్కితే టక్ అన్న చప్పుడు కూడా మారింది, ఇదివరకు తలుపు మూసినట్టుండేది, ఇప్పుడు చిటిక వేసినట్టుంది. 600 తీసుకున్నారు.

అక్కడితో అయిపోలేదు. బండ గారు అడిగింది మనసులో పెట్టుకుని గేజి కూడా పెట్టమన్నాను. ఫ్యాను తిరుగుతూ నిలబడి ఉన్న బండికి హై సైడ్, అంటే కంప్రెసర్ నుంచి బయటికి వచ్చే వైపు, ప్రెషర్ 330 పీఎస్ఐ చూపించింది. ఈ ఎండకు 250 దాటకూడదు అన్నారు. యంత్రంతో లాగి తూచితే 520 గ్రాములు. స్టిక్కరు మీద 400. మళ్ళీ సరిగా 400 నింపడానికి ఇంకో 1,200.

గ్యాస్ బండ

మొదటి జవాబు ఎవరిదో ఒకసారి అందరూ పైకి వెళ్ళి చూసి రండి. గ్యాసే అన్నానా లేదా?

పది నంబరు స్పానరు

తక్కువైందన్నారు. ఎక్కువైంది.

గ్యాస్ బండ

గ్యాస్ అన్నానా లేదా, అది చెప్పండి.

జగిత్యాల–దమ్మాం

బండ గారి మాటలో సగం నిజం ఉంది, కొట్టిపారేయకండి. ఎక్కువ గ్యాస్ పడితే ప్రెషర్ పెరిగి కంప్రెసర్ బరువు మోస్తుంది, ఒళ్ళు ఇంకా కాగుతుంది, ఆ వేడి కాయిల్‌కూ ఎక్కుతుంది. క్లచ్ ఖాళీ కొన్నేళ్ళుగా మెల్లగా పెరుగుతూ ఉండి ఉంటుంది. రెండోసారి గ్యాస్ పట్టాక తరచుగా ఆగడం మొదలైందా?

బెజవాడ ఎండ

అవును. ఏప్రిల్‌లో వారానికి ఒకసారి. మే తర్వాత రోజూ.

క్యాబ్ బాబాయి

అంటే 3,400 ఇచ్చి జబ్బు పెంచుకున్నారన్నమాట. మొత్తం ఖర్చు ఎంత తేలింది?

బెజవాడ ఎండ

అనవసరంగా 3,400. అవసరమైనవి 1,800. మల్టీమీటరు 450. పది నంబరు స్పానరు 90.

నిన్న ఆదివారం మళ్ళీ హైదరాబాదు వెళ్ళి వచ్చాము. వచ్చేటప్పుడు సూర్యాపేట దాటాక కావాలని మూడు లారీలు దాటాను. ప్రతిసారీ బానెట్ కింద నుంచి ఆ చిటిక వినబడుతుందేమోనని చెవులు రిక్కించాను. వినబడదు లెండి, కానీ చల్లదనం ఆగలేదు. కోదాడ చింతచెట్టు దగ్గర ఆగే పని లేకపోయినా టీ కోసం ఆగాను. నందిగామ దగ్గర మా అత్తగారు "కాస్త తగ్గించు బాబూ, చలేస్తోంది" అన్నారు.

జగిత్యాల–దమ్మాం

సంతోషం. ఇంతకీ ఆ పెద్దాయన జేబులో వేసుకున్న వాషరు తెచ్చుకున్నారా? ఎప్పుడైనా కొత్త ప్లేటు వేస్తే ఖాళీ మళ్ళీ సరిచేయడానికి అది కావాలి.

బెజవాడ ఎండ

తెచ్చుకోలేదు. రేపు పొద్దున ఆటోనగర్ వెళ్తాను.